నిద్ర పంపకం

గేదెల తవుడికి నిద్ర పట్టడం మానేసిందన్న సంగతి మొదట తెలిసింది తవుడికి కాదు, వీధికి.

తవుడు ముప్పై ఏళ్ళపాటు కొండగెడ్డ జూటుమిల్లులో రాత్రి కాపలా కాశాడు. ఊరు పడుకుంటే లేచేవాడు, ఊరు లేస్తే పడుకునేవాడు. ఒక రోజున మిల్లు యజమానులు గేటుకి తాళం వేసి, తాళంచెవితో సహా ఎటో వెళ్ళిపోయారు. జెండాలు పాతేవాళ్ళు జెండాలు పాతారు, ఉపన్యాసాలు చెప్పేవాళ్ళు ఉపన్యాసాలు చెప్పారు. తవుడు ఇంటికొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుని పెంకులకేసి చూడటం మొదలెట్టాడు. పగలు పడుకుందామంటే పనిలేని మగాడు పగలు పడుకున్నాడని నలుగురూ నవ్వుతారు. రాత్రి పడుకుందామంటే ఆ విద్య ఎప్పుడో మరిచిపోయాడు. చివరికి ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, కర్ర పట్టుకుని రాత్రిళ్ళు వీధి కాపలాకి బయలుదేరాడు. ఈ చివర ఒక ఈల, ఆ చివర ఒక ఈల, మధ్యలో కరెంటు స్తంభం మీద కర్రతో ఒక దెబ్బ, ఆ వెనకే "జాగర్తా" అని ఒక కేక.

ఆ వీధిలో ఎత్తుకుపోదగ్గ వస్తువు ఏదీ లేదు. ఉన్నదల్లా నిద్ర ఒక్కటే. దాన్ని తవుడే ఎత్తుకుపోయాడు.

అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది అతని పెళ్ళాం ఎర్నమ్మ. కోడికూతతో లేచి బస్టాండు దగ్గర బండి మీద అట్లు పోసుకునే మనిషి. రాత్రి కునుకు లేక, తెల్లారాక పెనం ముందు నిలబడి గరిటె చేత్తో పట్టుకునే నిద్రపోయేది. ఒక బస్సు కండక్టరు విస్తరాకులో పడ్డదాన్ని తిప్పి తిప్పి చూసి, "అప్పా, ఇది అట్టా, టైరు ముక్కా" అని అడిగాడు. రెండోనాడు ఆ కండక్టరు రాలేదు. మూడోనాడు అతని బస్సువాళ్ళెవరూ రాలేదు.

అంతలో ఇంటి యజమాని నక్కా కనకలింగం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోడకి అవతలి వాటాలో ఉంటాడు. కళ్ళు పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"ఎర్నమ్మా, నాను మంచోన్ని. కానీ నిద్దర్లేని మంచోన్ని ఎన్నాలుంటాను సెప్పు. అమాసలోపల మీ ఆయనన్నా పడుకోవాల, నివ్వన్నా ఇల్లు కాళీ సెయ్యాల. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే."

"ఈ వయసులో ఎక్కడికెల్తాం బాబూ."

"ఎక్కడికైనా ఎల్లండి. ఈల ఇనపడనంత దూరం ఎల్లండి."

అలా ఎర్నమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళింది. గేటు దగ్గర తవుడు మొండికేశాడు.

"ఒలే ఎర్నీ, ఇది పిచ్చాసుపత్రి. నాకు పిచ్చేటే."

"నీకు కాదు మావా. ఇంకో నెల ఇలాగే ఉంటే నాకొచ్చీలాగున్నాది. దారి తెలుసుకుంటే మంచిదని ముందుగా వచ్చినాం. నడు."

లోపల డాక్టర్ సుహాసిని అని ఒక లేడీ డాక్టరు ఉంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఎక్కువ కాలం కాలేదు కాబట్టి రోగి చెప్పింది వినే అలవాటు పోలేదు. ఎర్నమ్మ గోడు మొత్తం విని, తవుడి కళ్ళు చూసి, నాడి చూసి, "ముందు నాలుగు రోజులు నిద్రపట్టడానికి మాత్ర రాస్తానమ్మా. మనిషి కాస్త తేరుకున్నాక కూర్చుని మాట్లాడదాం" అని కలం తీసింది.

కలం మూత ఊడింది. ఆ మూత ఊడిన చప్పుడు విన్నట్టుగా ఆసుపత్రి పెద్ద డాక్టర్ చక్రధర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఆగండి. ఒంటరిగా రాయకండి. ఉత్తర్వు వచ్చింది."

ఆ ఉత్తర్వు కథ కొంచెం చెప్పుకోవాలి. రాజధానిలో మానసికారోగ్యానికి ఒక కమిషనర్ ఉన్నాడు. ఆయన ఏదో దేశం వెళ్ళి, అక్కడి మనోవైద్యులందరూ వారానికోసారి గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు పరిశోధించింది ఇంకొకరితో పంచుకోవడం చూశాడు. ఒకరికి తట్టని వైద్యం ఇంకొకరికి తడుతుందట, దానివల్ల రోగులు బాగుపడుతున్నారట. మంచి సంగతే. మంచి సంగతులు మన దగ్గరికి కాగితం ఎక్కి వస్తాయి కాబట్టే దారిలో పాడవుతాయి. కమిషనర్ రాగానే మొదట ప్రతి ఆసుపత్రికీ ఒక గుండ్రటి బల్ల పంపించాడు. తర్వాత ఇంగ్లీషులో ఉత్తర్వు రాయించాడు. రోగుల మేలు కోరేది తెలుగులో ఉండాలి కదా అని దాన్ని తెలుగు చెయ్యమన్నాడు. తెలుగు చేసిన గుమస్తా అంతకుముందు పాతికేళ్ళు భూముల శాఖలో పనిచేసి వచ్చినవాడు. తెలుగు అంటే అతనికి తెలిసింది ఒకటే తెలుగు.

చక్రధర్ గొంతు సవరించుకుని చదివాడు.

"యావన్మంది మానసిక వైద్యులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ వైద్యుడును రోగిని ఒంటరిగా అనుభవించరాదు. ప్రతి రోగిని వైద్యులందరును తమలో తాము పంచుకొనవలెను. పంపకము జరుగక మునుపు చేసిన చికిత్స ఆక్రమణగా భావించి తొలగించబడును."

సుహాసిని కలం పట్టుకునే అంది, "సార్, పంచుకోవడమంటే రోగి గురించి తెలిసిన విషయాలు పంచుకోవడం అయ్యుంటుంది. రోగిని పంచుకోవడం కాదేమో."

"డాక్టర్ సుహాసినీ, మనం అర్థం చేసుకునే స్థాయిలో లేము. అమలు చేసే స్థాయిలో ఉన్నాం. కలానికి మూత పెట్టండి."

ఎర్నమ్మకి ఇందులో ఒక్క ముక్కే బోధపడింది. మొగుణ్ణి ఒక డాక్టరు కాదు, ఆసుపత్రి డాక్టర్లందరూ చూస్తారట. ఆమె మొహం విప్పారింది. తవుడి చెవిలో, "సూసినావా మావా, మునసబు పోయినప్పుడు కూడా ఒక్క డాట్రే వచ్చినాడు" అంది.

*

మర్నాడు గుండ్రటి బల్ల చుట్టూ పంపకాలు జరిగాయి.

బల్లకి మధ్యలో పెద్ద కంత ఉంది. విదేశాల్లో అందులో పూలకుండీ పెడతారు. ఇక్కడ తవుణ్ణి కూర్చోబెట్టారు. బల్ల కింద నుంచి దూరి వెళ్ళి కంతలోంచి తల పైకెత్తిన తవుడికి నలువైపులా డాక్టర్లే. ఎర్నమ్మకి గోడవార కుర్చీ వేశారు.

పెద్దవాడు కాబట్టి జ్యేష్ఠభాగం చక్రధర్ తీసుకున్నాడు. ఏం తీసుకోవాలో కాసేపు ఆలోచించి, "రోగి పేరు నాది" అన్నాడు. ఆనాటి నుంచి తవుణ్ణి తవుడని పిలిచే హక్కు ఆయనదే. మిగతావాళ్ళు "సదరు రోగి" అనాలి.

అసలైన మాగాణి నిద్ర. దాన్ని డాక్టర్ జగ్గరాజు తన్నుకుపోయాడు. ఆయనకి పై అధికారుల్లో మేనమామ ఉన్నాడు. కలలు డాక్టర్ పట్నాయక్‌కి వచ్చాయి. నోరూ మాటా కలిపి డాక్టర్ ఆశీర్వాదానికి రాశారు. ఆకలి ఒక లావుపాటి డాక్టరుకి, కోపం ఒక సన్నపాటి డాక్టరుకి వెళ్ళాయి. అందరూ తీసుకోగా చిన్నది కాబట్టి సుహాసినికి ఆవలింత మిగిలింది.

"ఆవలింత ఒక్కటేనా సార్."

"చిన్నదైనా చక్కటి చెక్క. అభివృద్ధి చేసుకోండి" అన్నాడు చక్రధర్.

గోడవార ఎర్నమ్మ చెయ్యెత్తింది. "బాబూ, బయం ఎవులకీ ఇయ్యనేదేటి. మా ఆయనకి బల్లంటే బయం. గోడమీద బల్లి, ఈ సెక్కబల్ల కాదు."

డాక్టర్ల మొహాలు వెలిగాయి. పంపకంలో మర్చిపోయిన చెక్క దొరికితే అన్నదమ్ముల మొహాలు అలాగే వెలుగుతాయి. భయం కోసం సన్నపాటి డాక్టరూ పట్నాయకూ పోటీపడి, చివరికి బల్లి భయం ఒకరికి, మిగతా భయాలు ఇంకొకరికి అని తేల్చుకున్నారు. తవుడు బల్లి భయాన్ని ఎర్నమ్మ తప్ప మరొకరికి తెలియకుండా ముప్పై ఏళ్ళు దాచుకున్నాడు. కంతలోంచి పెళ్ళాంకేసి ఒక చూపు చూశాడు.

"సిగ్గెందుకు మావా. పెద్దోల్లు సూసుకుంటారు" అంది ఎర్నమ్మ గర్వంగా. ఆ సాయంత్రం అట్ల బండి దగ్గర కనిపించినవాడికల్లా, "మా ఆయన ఆవలింతకే సెపరేటుగా డాట్రున్నాది" అని చెప్పుకుంది.

"మంచం కూడా ఇచ్చినారా" అనడిగారు వాళ్ళు.

మంచం ఇవ్వలేదు. మంచాన్ని పంచుకోవడం గురించి ఉత్తర్వులో లేదు. అందుకని తవుడు రోజూ పగలు ఆసుపత్రికి వెళ్ళి, సాయంత్రానికి ఇంటికొచ్చేసేవాడు. రాత్రి అయితే ఈల ఊదేవాడు.

*

వైద్యం మొదలైంది. జగ్గరాజు జేబులోంచి ఒక తెల్లటి మాత్ర తీసి ఎర్నమ్మకి చూపించాడు.

"ఇదేనమ్మా. ఇది పడితే ఏనుగైనా గుర్రు పెట్టాల్సిందే."

"ఏసీయండి బాబూ మరి."

"ఎలా వేస్తాను. నోట్లోంచే కదా వెళ్ళాలి. నోరు ఆశీర్వాదం గారి స్వాధీనంలో ఉంది. ఆయన దారి ఇవ్వాలి."

ఎర్నమ్మ ఆశీర్వాదం దగ్గరికి పరుగెత్తింది. ఆయన నెమ్మదస్తుడు, ఎవరికీ లేదనడు.

"నాకేమీ అభ్యంతరం లేదు తల్లీ. కానీ ఇవాళ నిద్రమాత్రకి దారి ఇచ్చాననుకో, రేపు కలల వాళ్ళు అడుగుతారు, ఎల్లుండి కోపంవాళ్ళు బండి తోలుకొస్తారు. నోరు రస్తా అయిపోతుంది. పోనీ నేను ఇచ్చినా, గొంతు దిగాక కడుపు ఆకలి డాక్టరుగారిది. ఆయన్ని అడిగావా."

ఆకలి డాక్టరుని అడగడం కష్టం. ఆయన నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఎర్నమ్మ మొగుడి కోసం తెచ్చిన అట్లు ఆయన తిని, తినేటప్పుడు తవుడి మొహంలో కలిగే మార్పుల మీద పరిశోధన చేసేవాడు. "అల్లం చట్నీ అయినప్పుడు మార్పులు స్పష్టంగా ఉన్నాయి. రేపు కూడా అదే తీసుకురా" అన్నాడు.

కోపం డాక్టరు పని మరీ అన్యాయం. తన వాటా పొలం దున్నాలంటే ముందు తవుడికి కోపం రావాలి. రోజూ వచ్చి కంత దగ్గర నిలబడి తిట్టేవాడు.

"సదరు రోగీ, నీ మొహం చూస్తే దొంగలే నీకు కాపలా కాసినట్టుంది."

"అవును బాబూ" అనేవాడు తవుడు.

"నీ మీసం ఎలుక కొరికిన చీపురులా ఉంది."

"మా మిల్లు మేనేజరు ఇంతకన్నా బాగా తిట్టీవోడు బాబూ. తమరు కొత్త కదా, పోను పోను వచ్చేస్తాది."

సుహాసిని ఒక్కతే తనకొచ్చిన చెక్కని నిజంగా సాగుచేసింది. తవుడి ఎదురుగా కూర్చుని తను ఆవలించేది. ఒకరు ఆవలిస్తే ఎదుటివాడు ఆవలించకుండా ఉండలేడు కదా. నాలుగోసారికి తవుడు కూడా నోరంతా తెరిచి, ఖాకీ చొక్కా గుండీలు తెగేంత ఆవలింత ఒకటి తీశాడు. ఎర్నమ్మ సంతోషంతో లేచి నిలబడింది. ఆవలింత వచ్చిందంటే వెనకే నిద్ర వస్తుంది.

నిద్ర రాలేదు, ఆశీర్వాదం వచ్చాడు.

"డాక్టర్ సుహాసినీ, మీ ఆవలింత నా నోట్లోకి వచ్చింది."

"ఆవలింత నోట్లో కాకపోతే ఎక్కడ వస్తుంది సార్."

"అది మీరు చూసుకోవాలి. ముక్కుతో ఆవలింపించండి. నోటిలో నా అనుమతి లేకుండా నిర్మాణాలు చేపడితే ఊరుకోను."

ఇక హద్దులు తేల్చక తప్పదని చక్రధర్ ఒక రిటైర్డు సర్వేయరుని పిలిపించాడు. ఆయన గొలుసు తెచ్చి, ఈ చెవి నుంచి ఆ చెవికి తవుడి తల కొలిచి, నున్నటి గుండు మీద ఊదారంగు మందుతో గీతలు గీశాడు. నిద్రకీ కలలకీ నడుమ గట్టు వేశాడు. కోపానికీ ఆకలికీ నడుమ పంటకాలువ వదిలాడు. తవుడు మెడ కదపకుండా కూర్చుని, "ఒలే ఎర్నీ, గీతలు సక్కగా ఉన్నాయేటే" అనడిగాడు. ఉన్నంతలో అతనికి నచ్చిన వైద్యం అదే. హద్దుల మీద గౌరవం ఉన్న మనిషి.

గట్టు పడ్డాక పట్నాయక్ జగ్గరాజుతో తగాదాకి దిగాడు.

"ఎగువన నువ్వు నిద్ర తొక్కిపెట్టావు. దిగువన నా కలలు ఎండిపోతున్నాయి. ఇంతవరకూ ఒక్క కల పారలేదు నాకు."

"మాత్ర నా జేబులోనే ఉందయ్యా. దారి ఇప్పించు."

సుహాసిని సూది మందు వేద్దామంది. నోటితో పని లేదు కదా. చక్రధర్ తల అడ్డంగా ఊపాడు. "సూది చర్మంలోంచి వెళ్ళాలి. చర్మం మన శాఖది కాదు. చర్మ వ్యాధుల ఆసుపత్రివాళ్ళతో మనకి మాటల్లేవు."

ఎర్నమ్మ గర్వం అట్టు చివర కరకరలాగా మొదట అంచుల్లో మాడి, నెమ్మదిగా మధ్యకి వచ్చింది. ఇంటికి వెళ్తే కనకలింగం ఆమె రుబ్బురోలుని అప్పటికే వీధి అరుగు మీదకి దొర్లించి పెట్టాడు.

"ఎల్లుండి అమాస గదా. మీకు సాయంగా ఉంటాదని బరువైంది ముందు బయటెట్టాను" అన్నాడు ఆవలిస్తూ.

మర్నాడు ఎర్నమ్మ సుహాసినిని వరండాలో పట్టుకుంది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ మాత్తర నాకియ్యి. సట్నీలో నూరి ఎట్టేత్తాను. ఎవులకీ సెప్పను."

"చట్నీ ఆకలి డాక్టరు తింటాడమ్మా" అంది సుహాసిని. "ఆయన నిద్రపోతాడు, మీ ఆయన చూస్తూ కూర్చుంటాడు." ఇంకేదో చెప్పబోయి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "రేపు కమిషనర్ గారు వస్తున్నారు. పెద్ద సదస్సు. ఆయనతోనే చెప్పుకోండి. నేను ఆవలింత దాటితే మెమో ఇస్తారు."

*

సదస్సుకి గుండ్రటి బల్లకి ముఖమల్ గుడ్డ కప్పారు. కంతలో తవుడు. గుండు మీద గీతలకి కొత్త రంగు వేశారు. ఖాకీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించారు. చుట్టుపక్కల జిల్లాల మనోవైద్యులు కూడా వచ్చారు. ఎర్నమ్మ గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని, కమిషనర్ నోటికేసి చూస్తూ కూర్చుంది. సందు దొరికితే కాళ్ళమీద పడాలని ఆమె ఆలోచన.

సందు దొరకలేదు. డాక్టర్లు వరసగా లేచి తమ వాటా పంటని అందరితో పంచుకోవడం మొదలెట్టారు. పట్నాయక్ "కలలు రాకపోవుటలో నిద్ర లేకపోవుట యొక్క పాత్ర" అని చదివాడు. కోపం డాక్టరు ఇప్పటివరకూ తవుడికి కోపం రాలేదు కాబట్టి తనకి వచ్చిన కోపం మీద పరిశోధన చదివాడు. ఆకలి డాక్టరు అల్లం చట్నీ మీద మాట్లాడి, ప్రయోగం కొనసాగించడానికి అనుమతి కోరాడు. జగ్గరాజు మాత్రని పళ్ళెంలో పెట్టి అందరికీ తిప్పి చూపించాడు. ప్రతి ఒక్కరికీ చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడ్డప్పుడల్లా తవుడు కంతలోంచి నాలుగు దిక్కులకీ తల తిప్పి, దొంగలెవరైనా వచ్చారేమోనని చూశాడు.

చివర్లో కమిషనర్ లేచాడు.

"మిత్రులారా, ఒక మనసును ఒక్క వైద్యుడు మోయజాలడు. సమన్వయమే సంజీవని. పంచుకొనుటయే పరమార్థము. నేడు ఈ రోగిని చూచుచున్నప్పుడు నా హృదయము ఉప్పొంగుచున్నది. ఇట్లు ఉప్పొంగిన హృదయముతో నేనే స్వయముగా ఈతనిని ఒక ప్రశ్న అడుగ దలచితిని." కంతకేసి వంగాడు. "ఏమయ్యా. నీ బాధ యేమి."

ఎర్నమ్మ ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళలో ఆ ముక్క ఎవరూ తవుణ్ణి అడగలేదు. ఆమె కూడా అడగలేదు. "పడుకో" అందే తప్ప "ఎందుకు పడుకోవు" అనలేదు.

తవుడు లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"నా రిలీవరు రానేదు బాబూ."

"ఎవరు రాలేదు."

"రిలీవరండి. డూటీ మార్చుకునీ మనిషి. ఆ దినం రాత్తిరి నాను డూటీ ఎక్కినాను. తెల్లారి పగటోడొచ్చి నా కాడ డూటీ అందుకోవాల. ఆడు రానేదు. మిల్లుకి తాళమడిపోనాదన్నారు. తాళమడితే పడనీండి, డూటీ అందుకున్నోడు లేకుండా నానెలాగ దిగుతాను. దిగినట్టు ఎవులూ సెప్పనేదు. అంచేత నానింకా డూటీలోనే ఉన్నాను."

కమిషనర్ వినలేదు. పెద్దవాళ్ళు ప్రశ్న అడిగేది జవాబు కోసం కాదు, తర్వాతి వాక్యం గుర్తుతెచ్చుకోవడానికి. ఆయన చెయ్యి పైకెత్తాడు.

"విచారింపకుము. నీ బాధ్యత ఇకమీదట నీ ఒక్కనిది కాదు. ఈ క్షణము నుండి ఆ బాధ్యతను మేమందరమును స్వీకరించుచున్నాము. మేల్కొని యుండుట మా ధర్మము. నీవు నిశ్చింతగా నుండుము."

"స్వీకరించినట్టేనా బాబూ" అన్నాడు తవుడు.

"సంపూర్ణముగా."

తవుడు చుట్టూ ఉన్న డాక్టర్లని ఒక్కొక్కర్నీ పరకాయించి చూశాడు. అందరూ కళ్ళు తెరుచుకునే ఉన్నారు. మెడలోంచి ఈల తీసి కమిషనర్ చేతిలో పెట్టాడు. కర్ర చక్రధర్ కి ఇచ్చాడు. మళ్ళీ ఒక సెల్యూట్ కొట్టి, "ఉత్తరం గేటు కాడ కుక్కలుంటాయి, సూసుకోండి" అని చెప్పి, కంతలో చతికిలబడి, ముఖమల్ గుడ్డ చెంగు ముఖం మీదకి లాక్కున్నాడు.

కాసేపటికి బల్ల కింద నుంచి గురక వినిపించింది. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసులు సన్నగా గలగలలాడాయి.

ఎర్నమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడిస్తే లేస్తాడేమోనని భయం.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. నిద్ర తన వాటాలో వచ్చింది కాబట్టి ఘనత తనదని జగ్గరాజు, గురక నోట్లోంచి వస్తోంది కాబట్టి పంటలో సగం తనదని ఆశీర్వాదం. తవుడి పెదవి కదిలేసరికి, "కల పారుతోంది, ఎవరూ కదలకండి" అని పట్నాయక్. కమిషనర్ మాత్రం ఫొటోవాణ్ణి పిలిచాడు. కోలుకున్న రోగితో తను చెయ్యి కలిపిన ఫొటో రాజధానికి వెళ్ళాలి.

"లేపండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"లేపడం నా వాటాలోకి రాదు సార్" అన్నాడు జగ్గరాజు. "నా హద్దు నిద్ర చివరి వరకే."

"కల మధ్యలో లేపితే నేను కోర్టుకి వెళ్తాను" అన్నాడు పట్నాయక్.

"నాది ఆవలింత" అంది సుహాసిని, ఈసారి సంతోషంగా.

చక్రధర్ పంపకాల కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. సర్వేయరుని పిలిచి గుండు మీద గీతలు కూడా చూపించాడు. మేలుకొలుపు ఎవరికీ రాయలేదు. సర్వేయరు కళ్ళజోడు పైకెత్తుకుని తేల్చి చెప్పాడు.

"ఎవరి వాటాకీ రానిది పోరంబోకు సార్. పోరంబోకు ప్రభుత్వానిది."

అందరూ ప్రభుత్వంకేసి చూశారు. ప్రభుత్వం ఈల పట్టుకుని నిలబడి ఉంది.

"నేనెట్లు లేపగలను" అన్నాడు కమిషనర్. "పోరంబోకు విషయమున మంత్రివర్గము తీర్మానింపవలెను. అంతవరకు యథాతథ స్థితి. ఈతనిని ఇక్కడినుండి కదల్చరాదు. ఎవ్వరును లేపరాదు. లేచిన యెడల అది ఈతని స్వంత పూచీ."

ఎర్నమ్మ లెక్క వేసుకుంది. మొగుడు నిద్రపోయాడు, ఇవాళే అమావాస్య. ఆ మొగుణ్ణి బల్లకంతలో వదిలేసి, మంత్రులు కూర్చునేదాకా తను రుబ్బురోలు పక్కన కూర్చోవాలి. కాళ్ళమీద పడదామని లేచిన మనిషి, ఏమనుకుందో పడలేదు. కొంగు నడుముకి చుట్టి బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక్క మాట. పోరంబోకు బూమిని ఎన్నో ఏళ్ళబట్టి దున్నుకుంటన్న మనిషుంటే, ఆల్లకే గదా పట్టా రాసిత్తారు."

సర్వేయరు తల ఊపాడు. "అనుభవం రుజువైతే ఇవ్వొచ్చు."

"ముప్పై ఏల్లు. ఈ మనిసి మిల్లునుంచొచ్చి పడుకుంటే పొద్దుగూకే ఏలకి లేపీదాన్ని నాను. నీల్లు సల్లి లేపినాను, గిన్నెలు కొట్టి లేపినాను, బల్లొచ్చిందని లేపినాను. ఇంకెవులైనా లేపినారేమో అడగండి. మా వీదంతా సాచ్చికం సెప్తాది."

హాల్లో గుసగుసలు రేగాయి. ఇంత స్పష్టమైన హక్కు ఆ బల్ల దగ్గర అంతవరకూ ఎవరూ చూపించలేదు. చక్రధర్ కమిషనర్ చెవిలో ఏదో చెప్పాడు. కమిషనర్ కి ప్రాణం లేచివచ్చింది.

"శభాష్. అట్లయిన మేలుకొలుపు హక్కు సదరు రోగి భార్యకు వంశపారంపర్యముగా దఖలు పరచుచున్నాము. లేపుము తల్లీ. ఫొటో తీయవలెను."

ఎర్నమ్మ వంగి బల్ల కిందకి తొంగి చూసింది. తవుడు నోరు తెరుచుకుని, ఊదారంగు గీతల గుండు పక్కకి వాల్చి, చంటిపిల్లాడిలా పడుకుని ఉన్నాడు.

"లేపను" అంది.

"ఏమి."

"పట్టా నాది గదా బాబూ. ఎప్పుడు దున్నాలో నా ఇట్టం." చేతులు చాపి తవుడి చంకల కింద పెట్టింది. "ఆవలింతమ్మా, నివ్వు కాళ్ళట్టుకో."

సుహాసిని కాళ్ళు పట్టుకుంది. కాళ్ళు ఎవరి వాటాలోనూ లేవు.

ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తవుడి తల ఎర్నమ్మ ఒళ్ళో ఉంది. కూడలి దాటేవరకూ ఆమె ఆటోవాణ్ణి గోతుల్లో మెల్లగా పోనిమ్మని చెబుతూనే ఉంది. తర్వాత చెప్పడం మానేసింది. ఇంటి ముందు ఆగి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె తల కూడా ఆటో కమ్మీకి ఆని ఉంది. ఇద్దరూ ఒకే శ్రుతిలో గుర్రు పెడుతున్నారు. కిరాయి ఎవరిని అడగాలో తెలియక ఆటోవాడు హారన్ మీద చెయ్యి పెట్టబోయాడు.

ఆ చేతిని ఇంకో చెయ్యి పట్టుకుంది. కనకలింగం, కళ్ళు పండు మిరపకాయలు.

"హారన్ కొట్టినావంటే సంపేత్తాను" అన్నాడు గుసగుసగా. "ఇంద నీ కిరాయి. ఆటో ఇక్కడే ఒగ్గేసి పొద్దున్న రా." పంచె ఎగ్గట్టి, రుబ్బురోలుని చప్పుడు కాకుండా రెండు చేతులా ఎత్తుకుని లోపలికి మోసుకుపోయాడు.